చక్రాల కుర్చీలో ఓరుగల్లు యాత్ర

పిల్లలూ! దసరా సెలవులు ముగిసి, ఎండలు తగ్గి, చలిగాలి మొదలైందంటే బడుల్లో విహారయాత్రల మాట వినబడుతుంది. "ఈసారి వరంగల్లు తీసుకెళ్ళండి మాస్టారూ!" అని అడిగేవాళ్ళు ఎందరో. వేయిస్తంభాల గుడి, కోటలోని కీర్తితోరణాలు, రామప్ప గుడి — చరిత్ర పాఠంలో బొమ్మలుగా చూసినవన్నీ కళ్ళారా చూడవచ్చు కదా!

మీ తరగతిలో చక్రాల కుర్చీలో బడికి వచ్చే అమ్మాయి ఒకతె ఉన్నదనుకోండి. యాత్రకు పేర్లు రాసుకునేటప్పుడు సాధారణంగా ఏం జరుగుతుంది? "అక్కడ మెట్లుంటాయమ్మా, నీకు కష్టం. నువ్వు ఇంటి దగ్గరే ఉండు. మేము ఫోటోలు తెచ్చి చూపిస్తాం" అంటారు. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, జాలితోనే అంటారు. కాని వాళ్ళలో ఒక్కరైనా "అక్కడ మెట్లెన్ని? ఒక్కొక్కటి ఎంత ఎత్తు?" అని అడిగారా? లేదు. కొలవకుండానే కుదరదని తీర్పు చెప్పేశారు. విజ్ఞానశాస్త్రం చదివేవాళ్ళు చేయవలసిన పనేనా ఇది?

ఈ పాఠంలో మనం ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకొని, ఆ అమ్మాయినే అడుగుతూ, వరంగల్లు యాత్రకు పథకం వేద్దాం. ఇందుకు కావలసిన సామగ్రి పెద్దదేమీ కాదు. ఒక కొలత టేపు, ఒక పెన్సిలు, ఒక నోటుపుస్తకం, మీ బడిలో చెప్పిన లెక్కలు, కొంచెం భౌతికశాస్త్రం. అంతే.

ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్లు

ఒక ప్రయాణమంటే గొలుసులాంటిది. ఇంటి గుమ్మం, వీధి, ఆటో, రైల్వే స్టేషను, ప్లాట్‌ఫారం, రైలుపెట్టె, మళ్ళీ స్టేషను, మళ్ళీ వీధి, గుడి ద్వారం, లోపలి నేల, మరుగుదొడ్డి — ఇవన్నీ ఆ గొలుసులోని లింకులు. నడిచేవాళ్ళకు ఈ లింకులు కనబడనే కనబడవు. కాళ్ళు వాటంతటవే మెట్టు ఎక్కేస్తాయి, గుంట దాటేస్తాయి.

చక్రాలమీద వెళ్ళేవాళ్ళకు అలా కాదు. పది లింకులు బాగుండి, పదకొండోది తెగితే యాత్ర అక్కడితో ఆగిపోతుంది. రెండు వందల కిలోమీటర్లు హాయిగా ప్రయాణంచేసి వచ్చి, చివరకు ఒక్క 15 సెంటీమీటర్ల మెట్టు దగ్గర నిలిచిపోవలసి రావచ్చు. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్లన్నమాట!

కాబట్టి పథకం వేసేవాళ్ళు మొదట చేయవలసిన పని: గొలుసులోని ప్రతి లింకును కాగితంమీద రాయడం. ఒక్కొక్క లింకు దగ్గర నాలుగు ప్రశ్నలు వేయాలి. ఎత్తు ఎంత? వెడల్పు ఎంత? నేల ఎలాంటిది? దూరం ఎంత? ఈ నాలుగింటికీ జవాబులు అంకెల్లో ఉండాలి. "మెట్లు కొంచెమే ఉన్నాయి", "దారి పర్వాలేదు" అనే జవాబులు పనికిరావు. చక్రానికి "కొంచెం" అనే మాట తెలియదు. దానికి సెంటీమీటర్లే తెలుసు.

మొదటి ప్రశ్న: ఎత్తు ఎంత?

నూనె పీపాలను లారీలోకి ఎక్కించడం మీరు చూసే ఉంటారు. హమాలీలు పీపాను అమాంతం పైకెత్తరు. రెండు బల్లచెక్కలు లారీకి ఆనించి, వాటిమీద దొర్లించుకుంటూ ఎక్కిస్తారు. దీనినే మనం వాలుతలం అంటాం. సాధారణ యంత్రాలలో ఇది ఒకటి.

చక్రాల కుర్చీ, అందులో కూర్చున్న అమ్మాయి కలిసి 60 కిలోల బరువనుకుందాం. ఆమెను ఒక మీటరు ఎత్తున్న అరుగుమీదికి చేర్చాలి. నిలువునా ఎత్తితే 60 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. నలుగురు పట్టుకొని ఎత్తవచ్చు. కాని అలా ఎత్తడం ప్రమాదం. ఒకరి చేయి జారితే చాలు, కుర్చీ పక్కకు ఒరిగిపోతుంది. పైగా నలుగురి చేతుల్లో మూటలా ఊగుతూ వెళ్ళడం ఎవరికి ఇష్టం?

ఇప్పుడు అదే అరుగుకు 12 మీటర్ల పొడవున్న వాలుదారి కట్టామనుకోండి. ప్రతి 12 సెంటీమీటర్ల దూరానికీ ఒక సెంటీమీటరు మాత్రమే ఎక్కుతాం. ఘర్షణను కాసేపు పక్కన పెడితే, కావలసిన బలం 60ని 12తో భాగిస్తే వచ్చినంత, అంటే 5 కిలోలు! ఒక చిన్నపిల్లవాడు కూడా తోయగలడు. చేతుల్లో సత్తువ ఉంటే ఆ అమ్మాయే ఎవరి సాయమూ లేకుండా చక్రాలు తిప్పుకుంటూ ఎక్కిపోతుంది.

మరి పని తగ్గిందా? తగ్గలేదు. 60 కిలోల బలం × 1 మీటరు = 60. 5 కిలోల బలం × 12 మీటర్లు = 60. పని అంతే. బలం తగ్గినందుకు దూరం పెరిగింది. ప్రకృతి దగ్గర అప్పు పెట్టడం కుదరదు కదా!

ఈ 1:12 వాలు మనం ఊరికే ఎంచుకున్నది కాదు. మన దేశంలోనూ, ఇతర దేశాలలోనూ చక్రాల కుర్చీల దారులకు సాధారణంగా పాటించే వాలు ఇదే. నేలతో అది చేసే కోణం సుమారు 4.8 డిగ్రీలు. అంతకంటే నిటారుగా ఉంటే ఏమవుతుంది? ఎక్కేటప్పుడు కావలసిన బలం పెరుగుతుంది. దిగేటప్పుడు కుర్చీ అదుపు తప్పుతుంది. మరొక ప్రమాదం కూడా ఉంది. వాలు ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి వాలుతుంది. కుర్చీ, మనిషి కలిసిన గరిమనాభి వెనుక చక్రాలు నేలను తాకే చోటికంటే వెనక్కి పోయిందంటే కుర్చీ వెల్లకిలా పడిపోతుంది. అందుకే బరువైన సంచిని కుర్చీ వీపుకు తగిలించి వాలు ఎక్కకూడదు. ఆ సంచి గరిమనాభిని వెనక్కి లాగుతుంది.

వాలుదారి పొడవుగా ఉంటే మధ్యమధ్య చదునైన మజిలీలుండాలి. సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కగానే, ఒకటిన్నర మీటరు పొడవున చదునుగా ఒక చోటుంటే చేతులకు ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. మెట్లమధ్య విశ్రాంతి అరుగులు కడతారే, అలాగే.

చిన్న చక్రం, పెద్ద చక్రం

చక్రాల కుర్చీ కథ చాలా పాతది. జర్మనీలో న్యూరెంబర్గు నగరం దగ్గర స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు ఉండేవాడు. అతడు నడవలేడు. 1655లో, తన ఇరవై రెండో ఏట, చేతులతో పిడి తిప్పుతూ నడుపుకునే మూడు చక్రాల బండిని తనకోసం తానే తయారుచేసుకున్నాడు. గడియారంలోని పళ్ళచక్రాలు తెలిసినవాడు కదా, ఆ తెలివినే ఇక్కడ వాడాడు. 1933లో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఉక్కు గొట్టాలతో మడతపెట్టగల కుర్చీని చేశారు. వారిలో ఎవరెస్ట్ స్వయంగా నడవలేనివాడు. కుర్చీ మడతపడటంతో కారులో వేసుకొని ఊళ్ళు తిరగడం సాధ్యమైంది. ఇద్దరి విషయంలోనూ గమనించారా? అవసరం ఎవరిదో వారే ఆలోచనలో ముందున్నారు.

ఇప్పటి మామూలు కుర్చీని పరిశీలించండి. వెనుక రెండు పెద్ద చక్రాలు, ఒక్కొక్కటి సుమారు 60 సెంటీమీటర్ల వ్యాసం. ముందు రెండు చిన్న చక్రాలు, సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసం. ముందు చక్రాలు ఎటైనా తిరుగుతాయి కాబట్టి కుర్చీ సులువుగా మలుపు తిరుగుతుంది. చిక్కంతా కూడా ఆ చిన్న చక్రాలతోనే!

ఒక చక్రం తన వ్యాసార్థంకంటే ఎత్తైన అడ్డంకిని, ఎంత గట్టిగా ముందుకు నెట్టినా, ఎక్కలేదు. చిన్న చక్రం వ్యాసార్థం 10 సెంటీమీటర్లే. 15 సెంటీమీటర్ల మెట్టు దానికి గోడతో సమానం. చిన్న అడ్డంకుల దగ్గర కూడా తేడా ఉంది. 2 సెంటీమీటర్ల గడప ఎక్కాలంటే, చిన్న చక్రం మోస్తున్న బరువులో ముప్పాతిక వంతు బలంతో నెట్టాలి. అదే గడప పెద్ద చక్రానికి ఎదురైతే, అది మోస్తున్న బరువులో పదింట నాలుగు వంతులకంటే తక్కువ బలం చాలు. అందుకే ఎద్దుబండికి అంత పెద్ద చక్రాలు పెట్టేవారు. గతుకుల దారి కదా!

సాయం చేసేవాళ్ళు ఈ సూత్రాన్నే వాడుకుంటారు. గడప దగ్గర కుర్చీని కొంచెం వెనక్కి వాల్చి, చిన్న చక్రాలను గాలిలోకి లేపి, అడ్డంకి దాటిస్తారు. లేదా కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు ఎక్కేలా లాగుతారు. కాని ఒక సంగతి మరచిపోకండి. కూర్చున్న మనిషిని అడగకుండా, చెప్పకుండా కుర్చీమీద చేయి వేయకూడదు. మిమ్మల్ని ఎవరైనా వెనుకనుంచి ఉన్నట్టుండి ఎత్తేస్తే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

బ్యాటరీతో నడిచే కుర్చీల సంగతి వేరు. సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు శ్రేణిలో కలిపి మోటారు నడుపుతారు. తోసే శ్రమ లేదు. కాని బ్యాటరీలు, మోటార్లు కలిసి కుర్చీ చాలా బరువెక్కుతుంది. మనుషులు ఎత్తి మెట్టు దాటించడం కష్టం. అందువల్ల అలాంటి కుర్చీలో వెళ్ళేవాళ్ళు వాలుదారి ఉందో లేదో మరింత జాగ్రత్తగా ముందే తెలుసుకోవాలి. రాత్రి బసలో బ్యాటరీ ఎక్కించుకునే ప్లగ్గు ఉందా అనీ అడగాలి.

వెడల్పు, నేల, దూరం

మామూలు కుర్చీ వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు. చక్రాలు తిప్పే చేతులు ఇరువైపులా ఇంకొంచెం చోటు అడుగుతాయి. కాబట్టి ద్వారం 90 సెంటీమీటర్లు ఉంటే హాయి. కుర్చీ ఉన్నచోటనే వెనక్కి తిరగాలంటే 150 సెంటీమీటర్ల వ్యాసమున్న వృత్తమంత చోటు కావాలి. లోపలికి వెళ్ళడానికి దారి ఉండి, తిరగడానికి చోటు లేకపోతే, వచ్చిన దారినే వెనక్కి వెనక్కి రావలసిందే.

ఇక నేల. ఇసుకలో సైకిలు తొక్కినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. సన్నని చక్రం కొద్దిపాటి వైశాల్యంమీద బరువంతా మోపుతుంది. వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే చక్రం దిగబడుతుంది. దిగబడిన చక్రం అనుక్షణం ఒక చిన్న గుంటలోంచి పైకి ఎక్కుతున్నట్లే. నున్నని బండలమీద కిలోమీటరు సులువు. ఇసుకలో, కంకరలో, తడిసిన పచ్చికలో నూరు మీటర్లే గండం.

దూరం లెక్క కూడా చూద్దాం. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం పరిధి 60 × 3.14, అంటే సుమారు 188 సెంటీమీటర్లు. చేత్తో ఒకసారి తిప్పితే చక్రం పావు చుట్టు తిరిగిందనుకోండి. కుర్చీ 47 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. దొర్లుడు వేగం ఏమీ కలిసిరాకపోతే, ఒక కిలోమీటరుకు రెండు వేల నూరుసార్లకు పైగా చక్రం తిప్పాలి! నున్నని నేలమీద ఒక్క తోపుకు కుర్చీ ఇంకా దూరం దొర్లుతుంది కాబట్టి లెక్క తగ్గుతుంది. గరుకు నేలమీద ఆ సాయం ఉండదు. "ఇక్కడే కదా, రెండు అడుగులు" అని మనం చెప్పే దారి ఎవరి భుజాలకు ఎంత పనో ఇప్పుడు తెలిసిందా?

ఓరుగల్లులో మన లెక్కలు

ఇప్పుడు యాత్ర మొదలుపెడదాం. రైలులో వెళితే కాజీపేటలోగానీ, వరంగల్లులోగానీ దిగాలి. చాలా రైళ్ళలో వికలాంగులకోసం వెడల్పు తలుపున్న ప్రత్యేకమైన పెట్టె ఒకటి ఉంటుంది. అది రైలుకు ముందు ఉంటుందా, వెనుక ఉంటుందా అని టికెట్టు కొనేనాడే అడిగి రాసుకోవాలి. రైలు ఆగేది కొద్ది నిమిషాలే కదా! ఎత్తుగా కట్టిన ప్లాట్‌ఫారం మీదినుంచి చూసినా పెట్టె నేల ఇంకా సుమారు 45 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. 1:12 చొప్పున దీనికి 5.4 మీటర్ల పలక కావాలి. అంత పొడవైన పలక ఎవరు మోసుకెళతారు? కాబట్టి ఇక్కడ మనుషుల సాయం తప్పదు. ఎంతమంది, ఎవరు ఏ వైపు పట్టుకోవాలి అన్నది ఇంటి దగ్గరే నిర్ణయించుకోవాలి. రైలు ఏ ప్లాట్‌ఫారంమీదికి వస్తుంది, అవతలికి దాటడానికి లిఫ్టు ఉన్నదా, ఆ రోజు పనిచేస్తున్నదా అన్నవి కూడా ముందుగా స్టేషనుకు ఫోను చేసి తెలుసుకోవలసిన సంగతులు.

మొదట హనుమకొండలోని వేయిస్తంభాల గుడి. కాకతీయ రుద్రదేవుడు 1163లో దీనిని కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు — ముగ్గురికీ గర్భగుడులున్న త్రికూటాలయం ఇది. ఆలయం సుమారు ఒక మీటరు ఎత్తున్న వేదికమీద ఉంది. లెక్క కట్టండి. 1:12 వాలుకు 12 మీటర్లు, మధ్యలో ఒక మజిలీకి ఒకటిన్నర మీటరు, మొత్తం 13.5 మీటర్లు. గుడి కాబట్టి మరొక ప్రశ్న కూడా ఉంది. అందరూ చెప్పులు విడిచి వెళతారు, మరి చక్రాలో? తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుందా అని పూజారిగారిని ముందే మర్యాదగా అడిగితే, ద్వారం దగ్గర అందరి ముందూ వాదన పడవలసిన అవసరం ఉండదు.

తరువాత ఓరుగల్లు కోట. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలాల్లో ఈ కోట రూపుదిద్దుకుంది. వెలుపల మట్టికోట, లోపల 45 బురుజుల రాతికోట, వాటి చుట్టూ కందకాలు. రాతికోట ద్వారాల్లో దారి తిన్నగా పోదు. లోపలికి వెళ్ళగానే మలుపు తిరుగుతుంది. ఎందుకో తెలుసా? శత్రువు ఏనుగులతో, గుర్రాలతో వేగంగా దూసుకురాకుండా! వాలుగా పోసిన మట్టి, లోతైన కందకం, వంకర ద్వారం — ఇవన్నీ అడ్డంకుల శాస్త్రం. కాకతీయుల ఇంజనీర్లు శత్రువును ఆపడానికి ఈ అడ్డంకులను లెక్కవేసి కట్టారు. మరి మన బడి గుమ్మం ముందున్న మూడు మెట్లు ఎవరిని ఆపడానికి కట్టాం? లెక్క వేయకుండా కట్టాం గనుక, మన తరగతి అమ్మాయినే ఆపేస్తున్నాం.

కోట మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచి ఉన్నాయి. వాటి నడుమ స్వయంభూ దేవాలయపు శిథిలాలు నేలమీద పరచినట్లున్నాయి. శిల్పాలు కంటికి అందే ఎత్తులో ఉంటాయి కాబట్టి, కుర్చీలో కూర్చున్నవాళ్ళకు ఇక్కడ చూడదగినవి చాలా ఉన్నాయి. ఇక్కడ అడగవలసినది ఎత్తు గురించికంటే నేల గురించి. మట్టి, పచ్చిక ఉన్నచోట వాన కురిసిన మరునాడు వెళ్ళకూడదు. పీడనం పాఠం గుర్తుంది కదా!

ఇక రామప్ప గుడి. వరంగల్లునుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆలయం సుమారు ఆరడుగుల వేదికమీద ఉంది. ఆరడుగులంటే దాదాపు 180 సెంటీమీటర్లు. వాలు పొడవు 21.6 మీటర్లు, రెండు మజిలీలకు 3 మీటర్లు, మొత్తం 24.6 మీటర్లు కావాలి! తిన్నగా కాకపోతే ఘాట్ రోడ్డులా మలుపులు తిప్పుతూ కట్టవచ్చు. అయితే పాత కట్టడాలకు మేకులు కొట్టడం, రాళ్ళు తొలచడం తగదు, చట్టమూ ఒప్పదు. రాతిని తాకకుండా ఆనించి, అవసరమైనప్పుడు విప్పి తీసివేయగల కొయ్య లేక ఉక్కు వాలుదారి దీనికి తగిన ఉపాయం. వాలుదారి లేనిచోట కూడా చూడగలిగినవి ఏవో ముందే రాసుకుందాం. రామప్పలోని పేరుపొందిన మదనికల శిల్పాలు చూరు కింద, బయటివైపున ఉంటాయి. వాటిని వెలుపలి నేలమీదినుంచి తలెత్తి చూడవచ్చు. లోపలి మండపం మాటేమిటి? నమ్మకమైన మనుషులు మోసుకెళ్ళినా సరేనా, వద్దా అన్నది ఆ అమ్మాయి చెప్పాలి. మనం కాదు.

శరీరానికీ లెక్కలున్నాయి

యాత్రకు చలికాలం ఎంచుకోవడానికి మరో కారణం ఉంది. వరంగల్లులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మనకు వేడి చేస్తే చెమట పడుతుంది, చెమట ఆవిరైతే ఒళ్ళు చల్లబడుతుంది. వెన్నుపాము దెబ్బతిన్న కొందరికి, దెబ్బ తగిలిన చోటికి దిగువన సరిగ్గా చెమట పట్టదు. వాళ్ళ శరీరం త్వరగా వేడెక్కుతుంది. స్పర్శ తెలియని కాలికి ఎండలో కాలిన బండ తగిలినా, ఉక్కు తగిలినా నొప్పి తెలియదు. బొబ్బ లేచాకే తెలుస్తుంది.

మీరు తరగతిలో కూర్చున్నప్పుడు ఎన్నిసార్లు అటూ ఇటూ కదులుతారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఎముకకూ బల్లకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందక, "కదులు, కదులు" అని నరాలు కబురు పంపుతాయి. ఆ కబురు అందనివాళ్ళు గడియారం చూసుకొని, పావుగంటకో అరగంటకో చేతులమీద ఒళ్ళు పైకెత్తుకోవాలి, లేదా పక్కలకు వాలాలి. లేకపోతే పుండ్లు పడతాయి. కాబట్టి యాత్ర పథకంలో ఆ నిమిషాలు కూడా ఉండాలి. "త్వరగా, త్వరగా" అని తొందర పెట్టకూడదు.

అన్నింటికంటే ముఖ్యమైన లింకు మరుగుదొడ్డి. తలుపు 90 సెంటీమీటర్లుందా? బయటికి తెరుచుకుంటుందా? లోపల కుర్చీ తిరిగే చోటుందా? పట్టుకోవడానికి కమ్మీ ఉందా? ఇవి తెలియక చాలామంది ప్రయాణం రోజున నీళ్ళు తాగడమే మానేస్తారు. దానివల్ల మూత్రవ్యాధులు వస్తాయి. ఒక మంచి మరుగుదొడ్డి ఎక్కడుందో పటంలో గుర్తుపెట్టి ఇస్తే, ఆ రోజు ఒక మనిషి దాహం తీరుస్తున్నామన్నమాట.

ఇతర దేశాల్లో

"పాత కట్టడాలు కదా, ఏం చేయగలం?" అనేవాళ్ళకు జవాబుగా కొన్ని దూరదేశాల సంగతులు చెప్పుకుందాం. గ్రీసు దేశంలో ఎపిడారస్ అనే చోట క్రీ.పూ. 4వ శతాబ్దపు వైద్యదేవుడి ఆలయం ఉంది. దానికి ఆనాడే రాతి వాలుదారులు కట్టారు. రోగులు ఎక్కువగా వచ్చే చోటు కాబట్టి, నడవలేనివారి కోసమే కట్టి ఉంటారని 2020లో ఒక పరిశోధకురాలు వాదించారు. అదే దేశంలో, కొండమీదున్న ఏథెన్సు అక్రోపోలిసుకు 2020 డిసెంబరులో చక్రాల కుర్చీలకోసం కొత్త లిఫ్టు పెట్టారు. ఇటలీలోని వెనిస్ నగరంలో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి. చాలావాటికి మెట్లే. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఏ చోట్లకు వంతెన ఎక్కకుండా పడవలోనే చేరవచ్చో ముందే పటంలో చూసుకొని బయలుదేరతారు. నెదర్లాండ్స్‌లోని బ్రెడా పట్టణం వీధుల్లో పాతకాలపు గుండ్రాళ్ళ పరుపు ఉండేది. ఆ రాళ్ళనే పెకలించి, కోసి, నున్నని ముఖం పైకి వచ్చేలా తిరగేసి పరిచారు. రాయి పాతదే, దారి కొత్తది! అందరూ తిరగగలిగే నగరాలకు యూరపులో ఏటా ఇచ్చే బహుమతి 2019లో ఆ ఊరికి దక్కింది.

మన దేశమూ ఊరుకోలేదు. 2015 డిసెంబరు 3న సుగమ్య భారత్ కార్యక్రమం మొదలైంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చే కట్టడాలు అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతుంది. ఈ ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగలకూడదనీ, తప్పనిసరిగా పాటించవలసినవిగా ఉండాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం ఉంది. ఇక కావలసినది టేపు పట్టుకొని కొలిచేవాళ్ళు.

మీరే చేసి చూడండి

1. ఒక బొమ్మ బండిలో చిన్న రాయి పెట్టి, స్ప్రింగు త్రాసుతో నిలువునా ఎత్తి ఎంత చూపుతుందో రాయండి. తరువాత పుస్తకాల దొంతరకు పలక ఆనించి, దానిమీద నెమ్మదిగా లాగండి. పుస్తకాలు తగ్గిస్తూ మళ్ళీ మళ్ళీ కొలవండి. స్ప్రింగు త్రాసు లేకపోతే రబ్బరు బ్యాండు ఎంత సాగిందో స్కేలుతో కొలిస్తే చాలు.

2. సరిగ్గా 120 సెంటీమీటర్ల పొడవున్న తిన్నని కర్రను వాలుదారి వెంబడి పెట్టండి. దానిమీద సగం నీళ్ళున్న సీసాను పడుకోబెట్టండి. సీసాలోని నీరు సమంగా నిలిచేదాకా కర్ర కింది కొసను పైకెత్తండి. నేలనుంచి ఆ కొస ఎత్తు 10 సెంటీమీటర్లైతే వాలు 1:12. పది దాటితే వాలు ఎక్కువైందన్నమాట. మీ ఊరి ఆసుపత్రి, బ్యాంకు, పోస్టాఫీసు, పంచాయతీ కార్యాలయం ముందున్న వాలులను కొలిచి పట్టిక తయారుచేయండి.

3. ఒకే వాలునుంచి బొమ్మ బండిని వదిలి, గచ్చుమీద, ఇసుకమీద, తువాలుమీద ఎంత దూరం దొర్లిందో కొలవండి.

లెక్కలు

(అ) బడి గుమ్మానికి 15 సెంటీమీటర్ల మెట్లు మూడున్నాయి. 1:12 వాలుదారి పొడవెంత?
(ఆ) కుర్చీ, మనిషి కలిసి 72 కిలోలు. 1:8 వాలుమీద తోయడానికి ఎంత బలం కావాలి? 1:12 మీద ఎంత? (ఘర్షణ వదిలేయండి.)
(ఇ) స్టేషనునుంచి ఆటోల స్టాండు 500 మీటర్ల దూరం. ఒక్కొక్క తోపుకు 47 సెంటీమీటర్లు పోతే ఎన్ని తోపులు?

జవాబులు: (అ) 5.4 మీటర్లు. (ఆ) 9 కిలోలు, 6 కిలోలు. (ఇ) సుమారు 1,064.

మొదటి లెక్క చేశాక పుస్తకం మూసేయకండి. టేపు తీసుకొని మీ బడి గుమ్మం దగ్గరకు వెళ్ళండి. అక్కడి మెట్ల ఎత్తు కొలిచి, కావలసిన వాలుదారి పొడవు, మజిలీలు, వెడల్పు అన్నీ గీసి, పటం తయారుచేసి, మీ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. కొలిచేటప్పుడు, గీసేటప్పుడు, ఇచ్చేటప్పుడు కూడా, ఆ దారిన రావలసినవాళ్ళు మీ పక్కనే ఉండాలి సుమా!